ఇద్దరు తెలిసినవాళ్లు

మా ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశారని నాకు ఇంటి ఓనరు చెప్పలేదు. టేపు పట్టుకొని కొలతలకు మేడ మీదికి వచ్చిన ఇద్దరు మనుషుల వల్ల తెలిసింది. టెర్రస్ మీది ఒంటి గదిలో అప్పటికి పదకొండేళ్లుగా ఉంటున్నాను. వాళ్లు నా గుమ్మం ముందు టేపు పరిచి, "సార్, జర కాలు తియ్యుండ్రి" అన్నారు. తీశాను. సాయంత్రం ఓనరమ్మ వచ్చి మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలని చెప్పింది. ఆమె చెడ్డ మనిషి కాదు. మాట్లాడుతున్నంతసేపూ నా ముఖం చూడలేక నీళ్ల ట్యాంకు వైపు చూసింది.

అశోక్ నగర్‌లో ఇప్పుడు గది అని అడిగితే "బెడ్ కావాల్నా?" అంటారు. ఇళ్లన్నీ హాస్టళ్లయ్యాయి. గవర్నమెంటు పరీక్షలకు చదివేవాళ్లు గదికి నలుగురేసి ఉంటారు. అలాంటప్పుడు ఒక్కడికి ఒక గది ఎవరిస్తారు? వారం రోజులు తిరిగితే చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో ఒకటి కనిపించింది. తూర్పు కిటికీ, లోపలే నల్లా, లైబ్రరీకి ఆరు నిమిషాల నడక. ఆ ఓనరు నాలుగు నెలల కిరాయి అడ్వాన్సుగా అడిగాడు. నా దగ్గర ఒక నెలదే ఉంది. ఆ గది పోతే ఇక మిగిలేది ఊరి చివర, రెండు బస్సులు మారి వెళ్లే చోటు. అక్కడ కిరాయి తక్కువే. కానీ అక్కడి నుంచి రోజూ లైబ్రరీకి రావడం నా వల్ల అయ్యే పని కాదు.

లైబ్రరీ సంగతి కొంచెం చెప్పాలి. ఇంటర్ పాసయి కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుందామని ఈ నగరానికి వచ్చాను. రెండుసార్లు రాతపరీక్ష గట్టెక్కాను, రెండుసార్లూ పరుగులో పోయాను. తర్వాత వయసు దాటిపోయింది. నాతో వచ్చినవాళ్లు ఉద్యోగాల్లోకో, ఊళ్లకో వెళ్లిపోయారు. నేను లైబ్రరీకి వెళ్లడం మానలేదు. పరీక్ష లేకుండా చదివితే పుస్తకం వేరుగా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇంగ్లిషు అక్కడే నేర్చుకున్నాను, డిక్షనరీలో రోజుకు అర పేజీ చొప్పున. చరిత్ర, ఆర్థికశాస్త్రం, వైద్యం, చట్టాలు, అన్నీ ఆ బల్లల మీదే చదివాను. ఇప్పుడు నారాయణగూడలో కోచింగ్ గైడులు అచ్చువేసే ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దుతాను. ఎం.ఏ. చేసినవాళ్లు రాసిన గైడుల్లో రాజ్యాంగ సవరణల సంవత్సరాలు తప్పు పడితే పట్టుకునేది నేనే. ఇది గొప్పకు చెప్పడం లేదు అంటే అబద్ధమవుతుంది. గొప్పకే చెబుతున్నాను.

అందుకే అప్పు ఎక్కడ తీసుకోవాలన్నది కూడా చదివే తేల్చుకుందామనుకున్నాను. పెద్ద బ్యాంకులో అప్పటికే అడిగి చూశాను. జీతం స్లిప్పు చూపించమన్నారు. ప్రెస్సులు నాకు కవర్లో పెట్టి ఇస్తాయి, కవరుకు స్లిప్పు ఉండదు. ఫోనులో అప్పిచ్చే యాప్ ఒకటి, అయిదు నిమిషాల్లో ఇస్తామన్నది, వేసుకున్నాను. నా కాంటాక్టులన్నీ చూడటానికి అనుమతి అడిగింది. ఏం చూస్తుందో చూద్దామని ముందు నేనే తెరిచాను. మొత్తం ఇరవై మూడు నంబర్లు. తొమ్మిది ప్రెస్సులవి. ఒకటి గ్యాసు, ఒకటి కరెంటు ఆఫీసు, ఒకటి రెండేళ్ల కిందట పోయిన మా అన్నది. యాప్ తీసేశాను. వడ్డీ ఎక్కువని, బాకీ పడితే తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తారని పేపర్లో చదివే ఉన్నాను. అయినా ఆ క్షణం తీసేసింది వడ్డీకి భయపడి కాదు. వాళ్లు ఎవరికి చేస్తారు ఫోను అనిపించింది.

ఆ తర్వాత పది రోజులు సహకార సంఘాల గురించి లైబ్రరీలో ఉన్నదంతా చదివాను. వందేళ్లకు పైగా కిందట యూరప్ పల్లెల్లో రైతులు, చేతిపనివాళ్లు తమ చిల్లర తామే కూడబెట్టుకొని, తమలో అవసరమైనవాళ్లకు అప్పుగా ఇచ్చుకోవడంతో ఈ పద్ధతి మొదలైందట. పొలాలూ నగలూ లేనివాళ్లు మనిషి నడవడినే తాకట్టుగా ఎంచుకున్నారు. వాటా ఎంత పెట్టినా ఒక మనిషికి ఒకే ఓటు. మిగులు వస్తే బయటి యజమానికి పోదు, సభ్యులకే వస్తుంది. పొదుపూ, అప్పూ, రోజువారీ జమలూ అన్నీ ఒకే కౌంటరు. చదువుతుంటే, నాలాంటివాడి కోసమే కట్టిన ఇల్లులా అనిపించింది.

అలాంటి సంఘం ఒకటి నారాయణగూడలో మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉందని మా ప్రెస్సులో ఒకరు చెప్పారు. మెట్ల మీదంతా నెయ్యి వాసన. పైన రెండు ఇనప బీరువాలు, కౌంటరు, గోడకు సభ్యుల పాస్‌పోర్టు ఫోటోలు అతికించిన పెద్ద బోర్డు. కౌంటరు వెనక యాభై ఏళ్ల మేడం ఒకావిడ కాగితాలకు పంచ్ వేస్తోంది.

"ఏం గావాలె సార్?"

"మెంబర్‌గ చేరాలె మేడం. అప్పు గూడ కావాలె. మీ దగ్గర ఒక్క మనిషికి ఒక్కటే ఓటు గదా. ఈ పద్ధతి యూరప్‌ల మొదలైంది, అక్కడ రైతులు..."

ఆమె ఫారం ముందుకు జరిపింది. నేను రైతుల సంగతి పూర్తి చేశాను. ఆ తర్వాత చేతిపనివాళ్ల సంగతి చెప్పాను. సంఘం బ్యాంకుకంటే ఎందుకు మేలో, నిబంధన అందరికీ ఒక్కతీరుగా ఉండటం ఎంత ముఖ్యమో చెప్పాను. చాలా రోజులుగా నోట్లో ఉన్న మాటలు, వినే మనిషి దొరికింది. ఆమె పంచ్ వెయ్యడం ఆపకుండానే విన్నది.

"మంచిగ చెప్తుండ్రు. మాస్టరా?"

"కాదు మేడం. ప్రూఫులు దిద్దుత."

"అట్లనా. అయితే మా మినిట్స్ బుక్ జర మీకు సూపియ్యాలె. మొత్తం తప్పులే. నేనే రాస్త." నవ్వింది. "సరే గని, ఇద్దరు మెంబర్లు గావాలె సార్. మీరు తెలుసని సంతకం పెట్టాలె. రెండో శనివారం కమిటీ కూసుంటది. ఆ ఇద్దరు మీతోని వచ్చి, మీరు వాళ్లకెట్ల తెలుసో నోటితోని చెప్పాలె. అది మేం రాసుకుంటం."

"సంతకం సరిపోదా మేడం?"

"సంతకం ఎవలన్న పెడ్తరు. నోటితోని చెప్పేటప్పుడు దెలుస్తది. చిన్న ముచ్చటనే సార్, గాబరా పడకుండ్రి. ఈడ ఇన్నేండ్ల సంది ఉంటున్నరు, ఇద్దరు దొరకరా?"

మనిషి నడవడే తాకట్టు అని చదివినప్పుడు, ఆ నడవడి చూసినవాళ్లు ఎవరో ఒకరు ఉండాలన్న సంగతి నాకు తట్టలేదు. ఫారం మీద అక్కడే సంతకాలు చేసిచ్చి, ఫోటోల బోర్డు ముందు నిలబడ్డాను. ఇరవై, ముప్పై ముఖాలు దాటాక ఒకచోట ఆగాను. లైబ్రరీలో నా ఎదురు కుర్చీ పెద్దాయన.

తొమ్మిదేళ్లుగా పొద్దున పేపర్ల బల్ల దగ్గర మేం ఎదురెదురుగా కూర్చుంటున్నాం. ఆయనకు మార్కెట్ ధరల పేజీ ముందు కావాలి, నాకు సంపాదకీయం. ముందు వచ్చినవాడు పేపరు విప్పి ఎదుటివాడి పేజీ తీసి బల్లకు అటువైపు పెడతాడు. ఎప్పుడు మొదలైందో తెలియదు. మేం ఒక్క మాట మాట్లాడుకున్నది లేదు. ఆయన రాని రోజుల్లో కూడా నేను మార్కెట్ పేజీ తీసి అటు పెట్టేవాణ్ని. ఆయన పేరు ఆ బోర్డు మీదే మొదటిసారి చూశాను.

ఆయన ముఖం కింద వరసలో ఇంకో ఇద్దరిని గుర్తుపట్టాను. మా గల్లీ మలుపులో బండి మీద ఇస్త్రీ చేసే అన్న, ఆయన పక్కన ఆయన భార్య, చెరొక సభ్యత్వం. కానీ వాళ్లను అడగాలని నాకు అప్పుడు తోచలేదు. నన్ను ఎరిగినవాళ్లంటే చదివేచోట ఎరిగినవాళ్లే అనుకున్నాను. ఒక్కరు ఒప్పుకుంటే ఆయనే ఇంకొకరిని చూపిస్తాడులే అని కూడా అనుకున్నాను.

మర్నాడు లైబ్రరీ మెట్ల మీద పెద్దాయన కోసం ఆగాను.

"నమస్తే సార్. నారాయణగూడ సంఘంల మీ ఫోటో చూసిన."

ఆయన కళ్లద్దాలు తీసి పట్టుకున్నాడు. "చెప్పుండ్రి."

చెప్పాను. గది, అడ్వాన్సు, శనివారం. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"మనకు మాటలే లేవు గదండి," అన్నాడు చివరికి. "పేపర్ ఇచ్చుకుంటం, పుచ్చుకుంటం. అంతే గదా."

"అంతే సార్. తొమ్మిదేండ్లయింది."

"నేను ఒకసారి పెట్టిన సంతకం. ఆఫీసుల నా పక్క టేబులాయనకే. ఆయన కట్టకపోతే నా రిటైర్మెంట్ పైసలల్ల పట్టుకున్నరు. ఇంట్ల ఇప్పటికీ ఆ ముచ్చట వస్తది. మీరు అసుంటోళ్లని అంటలేను. గని పెట్టను. మీకే గాదు, ఎవలకూ పెట్టను."

"పర్వాలేదు సార్."

"ఏమనుకోకుండ్రి."

ఏమీ అనుకోలేదు. ఆయన చోట నేనున్నా అదే అనేవాణ్నేమో. అయితే మర్నాడు మార్కెట్ పేజీ తీసి అటు పెట్టి కూర్చుంటే, ఆయన వచ్చి, నన్ను చూసి, అటు పత్రికల బల్ల దగ్గరికి వెళ్లి వీపు తిప్పుకొని కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. సంతకం రాకపోవడం కంటే ఇది కష్టంగా ఉంది. నా ఎదురు కుర్చీలో ఒక కుర్రాడు మోడల్ పేపర్లు పరచుకున్నాడు. అడక్కపోతే ఆ ఒక్క మనిషీ నాకు మిగిలేవాడు.

శనివారానికి నాలుగు రోజులుందనగా ఇస్త్రీ బండి దగ్గర ఆగాను. ఇద్దరూ ఉన్నారు. ఆమె గంజి పెట్టిన చీర ఆరబెడుతోంది, ఆయన ఇస్త్రీపెట్టె జరుపుతున్నాడు. నేను వాళ్లతో ఎప్పుడూ రెండు ముక్కల కంటే ఎక్కువ మాట్లాడలేదు. శనివారం ఇవ్వడం, సోమవారం తీసుకోవడం, బండికి వేలాడే అట్టముక్క మీది కోడ్‌కు ఫోను చూపించడం. ఇస్త్రీ బట్టలు చుట్టి ఇచ్చిన న్యూస్‌పేపరు మాత్రం ఇంటికి తీసుకెళ్లి చదివి, మళ్లీ మడిచి తెచ్చిచ్చేవాణ్ని, వాళ్లకు పనికొస్తుంది కదా అని. చదివేటప్పుడు అచ్చుతప్పులు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, ఎర్రపెన్నుతో దిద్దేవాణ్ని.

సంగతి చెప్పాను. ఆయన పెట్టె పక్కన పెట్టకుండానే, "మేడం చెప్పింది సార్, ఫారంల అడ్రస్ జూసి, మీరు మా తాన వస్తరని. శనివారం ఎన్ని గంటలకు?" అన్నాడు.

"నాలుగింటికి. ఇంకొక్కరు గూడ గావాలె అన్న."

"ఇగో ఈమె లేదా. ఆమెది ఆమెకు సెపరేట్ బుక్కు."

ఆమె నన్ను కాసేపు చూసింది. "నేనేం చెప్పాలె ఆడ?"

"నేను మీకెట్ల తెలుసో చెప్పాలె అక్క."

"మీరు నాకు తెల్వదు గదా సార్," అంది, చీర దులుపుతూ. తర్వాత, "వస్త తియ్యుండ్రి" అంది.

కమిటీలో అయిదుగురు. అధ్యక్షుడు రంగుల దుకాణం నడిపే ఒక ముసలాయన, గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో రంగు. ప్లాస్టిక్ కుర్చీలు, చిన్న గ్లాసుల్లో చాయ్. మేడం రిజిస్టరు తెరిచి కూర్చుంది. నాకంటే ముందు ఇంకో దరఖాస్తు, కాచిగూడలో దుకాణమున్న ఆయనది. ఆయన్ని ఎరిగినవాళ్లు ఇద్దరనుకుంటే నలుగురు వచ్చారు. ఒకరి మీద ఒకరు జోకులు వేసుకుంటూ, ఆయన పెళ్లిలో అన్నం చాలలేదని కూడా రాసుకోమన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నా వంతు వచ్చింది. అధ్యక్షుడు ఇస్త్రీ అన్నను అడిగాడు. "ఈయన నీకెట్ల తెలుసు?"

"గిరాకీ సార్. పదకొండేండ్లయింది. పేపర్ చుట్టి ఇస్తే పేపర్ వాపస్ తెస్తడు. తప్పులు దిద్ది తెస్తడు. నాకు చదువు రాదు గని, ఎర్ర గీతలెన్నున్నయో లెక్కబెడ్త. ఒకసారి ఒక్క పేజీల పంతొమ్మిది."

కమిటీ మళ్లీ నవ్వింది. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. తర్వాత ఆమెను అడిగారు. "అమ్మా, నీకెట్ల తెలుసు?"

"ఈ సారు నాకు తెల్వదు," అంది ఆమె. మేడం రాయడం ఆపింది. "ఈయన బట్టలు తెలుసు."

"బట్టలంటే?"

"మూట ఇప్పితే ఇల్లు దెలుస్తది సార్. ఎవలింట్ల పెండ్లయింది, ఎవలకు కొలువొచ్చింది, ఎవలు పోయిండ్రు, మాకు మూటల దెలుస్తది. ఈయనవి రెండు షర్టులు, ఒక ప్యాంటు. పదకొండేండ్ల సంది అంతే. కాలర్ అరిగితే తిప్పి కుట్టిపిస్తడు. ఇంకోలది ఒక్క బట్ట రాలె. ఆడోళ్లది రాలె, పిల్లలది రాలె, సుట్టం వచ్చిపోయినట్లు ఒక టవల్ గూడ రాలె. పండుగకు కొత్తది రాలె. గట్లాంటి మనిషి పైసలు ఎత్తుకొని ఏడికి పోతడు? ఆయనకు ఎవలున్నరు?"

ఆమె నన్ను కించపరచాలని అనలేదు. సాయం చెయ్యడానికి వచ్చింది, తనకు తెలిసింది చెప్పింది. గదిలో ఎవరూ నవ్వలేదు. చాయ్ గ్లాసులో మీగడ కట్టింది, నేను దాన్నే చూస్తున్నాను. ఒక మనిషి నన్ను ఇంత దగ్గరగా చూసి, చూసింది అందరి ముందూ చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. అందులో ఒక్క తప్పు లేదు.

అధ్యక్షుడు గొంతు సవరించుకొని, "చేర్చుకుందం" అన్నాడు. అయిదు చేతులు లేచాయి.

"మరి అప్పు, సార్?" అన్నాను. "ఈ నెల్లోనే గది..."

మేడం నా ఫారం తీసి వెనక వైపు తిప్పి నా ముందు పెట్టింది. కొత్త సభ్యులు ఆరు నెలలు పొదుపు కట్టిన తర్వాతే అప్పుకు అర్హులని అక్కడ రాసి ఉంది. చిన్న అక్షరాలు కూడా కావు. దాని కింద నా సంతకం.

"ఆనాడు మీరు యూరప్ ముచ్చట చెప్తుండ్రి సార్," అంది మెల్లగా. "నేను గూడ మధ్యల ఆపలె."

"కమిటీ సడలించడానికి..." అని మొదలుపెట్టి నేనే ఆపేశాను. నిబంధన అందరికీ ఒక్కతీరుగా ఉండటం ఎంత ముఖ్యమో ఆ కౌంటరు దగ్గర నిలబడి చెప్పిందీ నేనే. పది రోజులు పది పుస్తకాలు చదివి, చేతిలో పెట్టిన కాగితం వెనక వైపు చదవలేదు. అచ్చుతప్పుల మీద బతికేవాణ్ని. ఈ సంగతి ప్రెస్సులో ఎవరికీ చెప్పలేదు.

చిక్కడపల్లి గది వారంలో ఎవరికో వెళ్లిపోయింది. నేను ఊరి చివరకు పోలేదు. అశోక్ నగర్‌లోనే ఒక హాస్టల్లో బెడ్ తీసుకున్నాను, నలుగురిలో నాలుగోవాడిగా. పుస్తకాల పెట్టెలు మంచం కింద పట్టక సగం ప్రెస్సులో పెట్టుకున్నాను. మిగతా ముగ్గురూ ఇరవైల్లో ఉన్నవాళ్లు, నన్ను అంకుల్ అనేవారు. నేను గదిలోకి రాగానే పాట తగ్గించేవారు, మాటలు కూడా తగ్గించేవారు. మర్యాదకే. అయినా నేను తలుపు తియ్యగానే ఆ ముగ్గురూ ఒకేసారి చదవడం మొదలుపెట్టడం, ఆరు నెలలూ అలవాటు కాలేదు.

ప్రతి నెలా మొదటి వారంలో నెయ్యి వాసన మెట్లెక్కి పొదుపు కట్టేవాణ్ని. ఫోనులోనే పంపొచ్చని మేడం చెప్పింది. నేను వెళ్లి ఇచ్చేవాణ్ని. మూడో నెలలో ఆమె నిజంగానే మినిట్స్ బుక్ నా ముందు పెట్టింది. ఆడిట్ ఉంది, జర చూడుండ్రి అన్నది. పక్కన స్టూలు వేసింది. పాత పేజీలు దిద్దుకుంటూ వస్తే నా శనివారం వచ్చింది. ఆమె రాసింది ఇది: దరకాస్తుదారుని బట్టలు తెలుసు, ఒక్కరే ఉండును, ఎక్కడికీ పోరు అని చెప్పినారు.

ఎర్రపెన్ను చేతిలో ఉంది. 'దరకాస్తు'లో వత్తు లేదు, పెట్టాను. 'ఉండును' అన్నదాన్ని 'ఉంటారు' చేశాను. మిగతాది ఎలా ఉన్నదో అలాగే వదిలేసి పేజీ తిప్పాను.

ఏడో నెలలో అప్పు మంజూరైంది. జామీను సంతకాలు మళ్లీ ఆ ఇద్దరివే. మళ్లీ వెతికితే చిక్కడపల్లిలోనే ఇంకో గది దొరికింది, కిటికీ తూర్పుకు కాదు, పక్కింటి గోడకు. లైబ్రరీకి తొమ్మిది నిమిషాలు. పెద్దాయన ఇప్పటికీ పత్రికల బల్ల దగ్గరే కూర్చుంటున్నాడు. ఎదురుపడితే తల ఊపుతాడు, నేనూ ఊపుతాను. సంపాదకీయం పేజీ నేనే తీసుకుంటాను. మార్కెట్ పేజీ పేపర్లోనే ఉండిపోతుంది.

కొత్త గదికి మారాక మొదటి శనివారం అశోక్ నగర్ దాకా నడిచి మూట ఇచ్చాను. దారిలో ఇస్త్రీ బళ్లు మూడు ఉన్నాయి. అయినా అక్కడికే వెళ్లాను. అన్న లేడు, ఆమె ఒక్కతే ఉంది. మూట విప్పి షర్టులు రెండు పక్కన పెట్టింది, ప్యాంటు పెట్టింది. అడుగున మడతపెట్టిన కొత్త దుప్పటి, దిండు గలేబు కనిపిస్తే ఆగింది.

"గది దొరికిందా సార్?"

"దొరికింది అక్క."

దుప్పటి చేత్తో తడిమి చూసింది. గలేబు ఎత్తి, కింద ఇంకోటి ఉందేమోనని మూట గుడ్డ దులిపింది.

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"సోమవారం రాండ్రి," అంది, గలేబును షర్టుల మీద పెడుతూ.